యూదు ఇతివృత్తాల రూపచిత్రకళ

యూదుల మతాచారం, ప్రవాస జీవితం, పాత నిబంధన గాథలు ఆధారంగా వేసిన మనుషుల బొమ్మలది ప్రపంచ చిత్రకళలో ఒక ప్రత్యేకమైన పాయ. వేసినవాళ్లంతా యూదులు కారు, బొమ్మల్లో ఉన్నవాళ్లంతా రబ్బీలూ (యూదు మతగురువులూ) కారు. వైద్యుడు, పెళ్లికూతురు, గడియారాలు బాగుచేసే ముసలాయన, యుద్ధం నుంచి ఇంటికి చేరిన కుర్రవాడు, తన గుర్తింపు కార్డు తానే చేతపట్టి చూపుతున్న చిత్రకారుడు, ఇలా ఎందరో కనిపిస్తారు. ఈ పాయ 17వ శతాబ్దపు ఆమ్‌స్టర్‌డామ్‌లో స్పష్టంగా బయటపడింది. 19వ శతాబ్దంలో మధ్య, తూర్పు ఐరోపాల్లో నిండుగా పారింది. నాజీల హత్యాకాండలో చాలావరకు తెగిపోయి, తర్వాత అమెరికాలో, బ్రిటన్‌లో, ఇజ్రాయెల్‌లో, భారతీయ యూదుల్లో మళ్లీ ఊపిరి పోసుకుంది. మన దేశం నుంచి దీనికి ముఖ్య ప్రతినిధి బొంబాయిలో పుట్టిన సియోనా బెంజమిన్. తెలుగు నేలకూ దీనికీ మధ్య కృష్ణ ఒడ్డు వజ్రాలు, హైదరాబాదులో కొన్నాళ్లున్న సర్మద్ ఫకీరు, గుంటూరు జిల్లా బెనె ఎఫ్రాయీములు వారధులుగా ఉన్నారు.

ఈ చిత్రాలను చూసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చట్రంలో ఉన్నది పేరూ ఊరూ ఉన్న మనిషా, లేక ‘యూదుడంటే ఇలా ఉంటాడు’ అని చూపే నమూనానా? ఈ కళలో గొప్ప పనికీ మామూలు పనికీ తేడా చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

విగ్రహ నిషేధం

నిర్గమకాండం 20వ అధ్యాయంలోని రెండో ఆజ్ఞ విగ్రహాలను చేసి మొక్కవద్దంటుంది. దాన్ని పట్టుకుని యూదులకు చిత్రకళే లేదని చాలాకాలం చెప్పుకొచ్చారు. తవ్వకాల్లో దొరికినవి ఆ మాటను నిలవనివ్వలేదు. సిరియాలోని దురా యూరోపోస్‌లో 1932లో బయటపడిన సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) గోడల నిండా మోషే, ఎస్తేరు, ఏలీయా కథలు రంగుల్లో ఉన్నాయి. అవి సుమారు క్రీ.శ. 244 నాటివి. ఇప్పుడు దమాస్కస్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఉత్తర ఇజ్రాయెల్‌లోని బేత్ అల్ఫా సినగాగులో నేల మీదే అబ్రాహాము తన కొడుకును బలి ఇవ్వబోయే దృశ్యాన్ని రంగురాళ్లతో పొదిగారు.

అయినా జంకు లేకపోలేదు. దక్షిణ జర్మనీలో 1300 ప్రాంతాల రాసిన ఒక పస్కా పండుగ పుస్తకంలో మనుషుల్లో చాలామందికి పక్షుల తలలు పెట్టారు. ఒళ్లంతా మనిషిదే, బట్టలూ మనిషివే, మొహం మాత్రం పక్షిది. మనిషి మొహం వేయాలా వద్దా అన్న తర్జనభర్జన ఎంత లోతుగా నడిచిందో చెప్పడానికి యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్న ఆ పుస్తకం ఒక్కటి చాలు. రూపచిత్రం ఇలాంటి సంప్రదాయంలో ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు ధనికుల ఇంటి అలంకారానికి మించిన బాధ్యతను నెత్తికెత్తుకుంది.

రెంబ్రాంట్ వీధి, పరిటాల గనులు

రెంబ్రాంట్ 1639లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోడెన్‌బ్రేస్ట్రాట్‌లో ఇల్లు కొన్నాడు. యూదులు ఎక్కువగా ఉండే పేట అది. అప్పులపాలై 1658లో ఆ ఇల్లు వదిలేదాకా ఆయన ఇరుగుపొరుగు ఆ యూదులే. పోర్చుగల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు కొన్ని, పోలండ్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవి కొన్ని. 1647లో వైద్యుడు ఎఫ్రాయిమ్ బ్యూనో మెట్లు దిగుతూ ఒక్క క్షణం ఆగినట్టు ఎచింగ్ (రాగిరేకు మీద గీసి అచ్చువేసే చిత్రం) చేశాడు. 1655లో రబ్బీ మెనాస్సె బెన్ ఇజ్రాయెల్ రాసిన పుస్తకానికి నాలుగు బొమ్మలు గీసిచ్చాడు. క్రీస్తు మొహం వేయడానికి ఆ పేటలోని యూదు యువకుణ్ణి ఎదుట కూర్చోబెట్టుకున్నాడని పండితుల అభిప్రాయం. అప్పటిదాకా ఐరోపా గీసిన క్రీస్తు ఐరోపావాడే కాబట్టి ఇది పెద్ద మార్పు. ఒక జాగ్రత్త కూడా అవసరం. ‘యూదుడి చిత్రం’ అని తర్వాతి తరాలు పేర్లు తగిలించిన రెంబ్రాంట్ బొమ్మల్లో చాలావాటికి ఆధారం లేదు. గడ్డం, టోపీ కనబడగానే ఎవరో అలా రాసేశారు. పేరుతో సహా నిశ్చయంగా చెప్పగలిగినది బ్యూనో చిత్రమే.

ఆ పేటలో యూదుల చేతివృత్తుల్లో ముఖ్యమైనది వజ్రాలకు సాన పట్టడం. బ్రెజిల్‌లో 1720ల్లో గనులు దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేవి. అందులో పేరుమోసినవి కృష్ణ ఒడ్డు గనులు. ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉన్న కొల్లూరులో 60,000 మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశాడు. నది ఇవతల, నందిగామ నుంచి విజయవాడ వెళ్లే దారిలోని పరిటాల కూడా వజ్రాల ఊరే. వత్సవాయి, జగ్గయ్యపేటల వైపు నుంచి బస్సులో బెజవాడ వెళ్లే ప్రతివాళ్లూ ఆ ఊరి మీదుగా పోతారు. డచ్చి కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. ఆ శతాబ్దం చివరికి లండన్ నుంచి యూదు వర్తకులు పగడాలు తెచ్చి చెన్నపట్నంలో అమ్మి, వజ్రాలు కొనుక్కుపోయేవారు. వాళ్లలో ఒకరైన జాక్ ద పైవా గోల్కొండ గనుల వైపు ప్రయాణం చేసి తిరిగొచ్చి 1687లో చెన్నపట్నంలో చనిపోయాడు. మరుసటి ఏడాది ఏర్పడిన చెన్నపట్నం కార్పొరేషన్ ఆల్డర్‌మన్ల జాబితాలో యూదు వర్తకుల పేర్లున్నాయి. పగడాల వర్తకుల వీధి చెన్నైలో నేటికీ అదే పేరుతో ఉంది.

రాళ్లతో పాటు బొమ్మలూ ఓడెక్కాయి. మొగలు దర్బారు చిత్రాలను చూసి రెంబ్రాంట్ ఇరవైకి పైగా నకళ్లు గీశాడు. చెట్టు కింద నలుగురు పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటున్న ఒక మొగలు చిత్రపు అమరికను తీసుకుని, 1656లో ‘దేవదూతలకు అబ్రాహాము ఆతిథ్యం’ అనే ఎచింగ్ చేశాడు. నేల మీద పరిచిన జంపఖానా, దాని చుట్టూ కూర్చునే తీరు మన ప్రాంతపు అలవాటే. యూదుల మూలపురుషుడి కథను భారతీయ సూక్ష్మచిత్రం ఒడిలో కూర్చోబెట్టిన మొదటి గొప్ప ప్రయత్నంగా దీన్ని చెప్పుకోవాలి. మూడున్నర శతాబ్దాల తర్వాత సియోనా బెంజమిన్ ఇదే దారిని అవతలి కొస నుంచి నడిచింది.

పందొమ్మిదో శతాబ్దం

ఐరోపా అకాడమీలో శిక్షణ పొంది, యూదుడిగానే ఉండి పేరు తెచ్చుకున్న తొలి చిత్రకారుడు మోరిట్జ్ డానియెల్ ఓపెన్‌హైమ్ (1800–1882). ధనికులైన రోత్‌షైల్డులను, కవి హైనేను చిత్రించాడు. నెపోలియన్ మీద జరిగిన యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి ఇంటికొచ్చిన యూదు యువకుణ్ణి 1833–34లో వేశాడు. విశ్రాంతి దినాన ప్రయాణం చేసి వచ్చిన కొడుకు, అతని ఛాతీ మీద సిలువ ఆకారపు పతకం, దాన్నే చూస్తున్న తండ్రి. మేమూ ఈ దేశస్థులమే అని చెప్పుకోవడానికి ఎంత ధర చెల్లించాలో ఆ తండ్రి చూపు చెబుతుంది.

మౌరిత్సి గాట్లీబ్ (1856–1879) ఈ పాయలో అందరికన్నా లోతైనవాడు, అందరికన్నా తక్కువ బతికినవాడు. నేటి ఉక్రెయిన్‌లోని ద్రోహోబిచ్‌లో పుట్టి, పోలండ్ చారిత్రక చిత్రకారుడు యాన్ మతేయ్కో దగ్గర క్రాకోలో చదివాడు. పోలండ్ వాడిగా, యూదుడిగా రెండు గుర్తింపులనూ ఒక్కడే మోయాలనుకున్నాడు. 1876లో తన మొహాన్నే దేశదిమ్మరి యూదుడు అహస్వేరుగా వేసుకున్నాడు. ఐరోపా ఐతిహ్యంలో అహస్వేరు శాపగ్రస్తుడు. గాట్లీబ్ తలకు కిరీటం పెట్టి, కళ్లలో అలసట పెట్టాడు.

ఆయన ప్రధాన కృతి 1878లో వేసిన ‘యోమ్ కిప్పూర్ నాడు సినగాగులో ప్రార్థిస్తున్న యూదులు’. 245 సెంటీమీటర్ల ఎత్తున్న ఈ తైలవర్ణ చిత్రం ఇప్పుడు టెల్ అవీవ్ మ్యూజియంలో ఉంది. ఉపవాసాలతో, పశ్చాత్తాపంతో గడిపే ప్రాయశ్చిత్త దినం అది. పైకి సామూహిక ప్రార్థనలా కనబడే ఈ దృశ్యంలో అంతా ఆయన సొంత మనుషులే. నడుమ చేతి మీద తల ఆన్చి మనవైపు చూస్తున్న యువకుడు గాట్లీబే. పిల్లవాడిగా ఒకచోట, ఎదిగే కుర్రవాడిగా ఇంకోచోట ఉన్నవాడూ ఆయనే. స్త్రీలు నిలబడే పై అరుగు మీద ఆయన ప్రేమించిన లారా రోసెన్‌ఫెల్డ్ ఉంది. పెద్దాయన పట్టుకున్న తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్ట మీది గుడ్డపై హీబ్రూలో కీర్తిశేషుడు గాట్లీబ్ జ్ఞాపకార్థం అని రాసి ఉంది. తన పేరును తానే కీర్తిశేషుల్లో చేర్చుకున్న ఇరవై రెండేళ్ల యువకుడు ఆ మరుసటి ఏడే కన్నుమూశాడు. మరణాన్ని ముందే పసిగట్టాడంటూ దీని చుట్టూ కథలు అల్లారు. వాటికన్నా గమనించాల్సింది ఒకటుంది. అంత పెద్ద గుంపులో నమూనా మనిషి ఒక్కడూ లేడు. ప్రతి మొహం వెనుకా ఒక జీవితం ఉంది.

ఇసిదోర్ కౌఫ్‌మన్ (1853–1921) దారి వేరు. వియన్నాలో ఉంటూ గలీషియా, హంగరీ పల్లెలకు వెళ్లి అక్కడి రబ్బీలను, వేదపాఠశాల కుర్రవాళ్లను చిన్న చిన్న చెక్క పలకల మీద అపారమైన ఓర్పుతో చిత్రించాడు. శాలువా అంచు జరీ, బొచ్చుటోపీ వెంట్రుకలు, తెర మీది కుట్టుపని లెక్కపెట్టుకోవచ్చు. 1899లో వియన్నా యూదు మ్యూజియంలో ఒక సంప్రదాయ గృహపు గదినే అమర్చిపెట్టాడు. పోయే కాలాన్ని పట్టుకోవాలన్న ఆర్తి ఆ పనిలో నిజమైనదే. కాని ఆయన కూర్చోబెట్టి చిత్రించిన వాళ్లలో చాలామంది పేర్లు మనకు అందలేదు. లండన్ టేట్ గ్యాలరీలో ఉన్న ప్రసిద్ధ చిత్రం పేరు ‘ఎన్. ఊరి యువ రబ్బీ’. ఊరికి పొడి అక్షరం మిగిలింది, మనిషికి అదీ మిగల్లేదు.

దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో అక్కడ స్తూపపు అరుగు మీద ఆయక స్తంభాలు నిలబెట్టిన శిల్పి సిద్ధార్థుడు. అతని తండ్రి నాగచంద్రుడు. ఊరూ, రాష్ట్రమూ, కుటుంబ వివరమూ అన్నీ రాతి మీద చెక్కించుకున్నాడు. పదిహేడు వందల ఏళ్లు గడిచినా అతని పేరు చదవగలం, మొహం మాత్రం తెలియదు. కౌఫ్‌మన్ రబ్బీ కనురెప్పల వెంట్రుకలు తెలుసు, పేరు తెలియదు. పేరూ మొహమూ ఒక్కచోట నిలబడడమే రూపచిత్రం చేయగల మేలు.

ఆ మేలు చేసినవాడు విటెబ్‌స్క్ పట్టణపు యూదెల్ పెన్ (1854–1937). 1897లో అక్కడ చిత్రకళా పాఠశాల తెరిచాడు. మార్క్ షగాల్, ఎల్ లిసిట్‌స్కీ ఆయన శిష్యులే. పెన్ వేసింది దర్జీలను, రొట్టెలు కాల్చేవాళ్లను, తూర్పు ఐరోపా యూదుల భాషైన యిడ్డిష్ పత్రిక చదువుతూ కూర్చున్న గడియారాల మరమ్మతుదారుణ్ణి. కొత్త రీతుల వెంట పడలేదు కాబట్టి విమర్శకులు ఆయన్ని పాతకాలపువాడని పక్కన పెట్టారు. అది అన్యాయం. పనిచేసే చేతుల మీద ఆయనకున్న గౌరవం చాలామంది ఆధునికుల్లో కనబడదు. 1937లో సొంత ఇంట్లోనే హత్యకు గురయ్యాడు.

శిష్యుడు షగాల్ 1914లో దారినపోయే ఒక ముసలి బిచ్చగాణ్ణి పిలిచి, తన తండ్రి ప్రార్థన వస్త్రాలు తొడిగి కూర్చోబెట్టి ‘ప్రార్థిస్తున్న యూదుడు’ వేశాడు. తెలుపు నలుపుల్లో ఉన్న ఆ మొహం దిక్కులేనివాడిదా, ప్రవక్తదా అని తేల్చుకోలేం. కౌఫ్‌మన్ వేసిన వందలకొద్దీ దారాలు చెప్పలేనిది ఆ రెండు రంగులు చెప్పాయి.

హత్యాకాండ, ఆ తర్వాత

ఫెలిక్స్ నుస్‌బౌమ్ జర్మనీలోని ఓస్నాబ్రూక్‌లో 1904లో పుట్టాడు. బ్రసెల్స్‌లో దాక్కుని ఉన్న రోజుల్లో, 1943లో, ‘యూదు గుర్తింపు కార్డుతో స్వీయచిత్రం’ వేశాడు. కోటు కాలరు ఎత్తుకున్నాడు, దాని మీద పసుపు నక్షత్రం. వెనుక ఎత్తైన గోడ. ఒక చేత్తో కార్డు మన మొహం ముందుకు చాచి చూపుతున్నాడు. అందులో ‘యూదుడు’ అనే ముద్ర ఎర్రగా, స్పష్టంగా ఉంది. పుట్టిన ఊరు మాత్రం చదవడానికి వీల్లేకుండా అలికి ఉంది. చూస్తున్న మనమే పోలీసులమైనట్టు, పట్టుకోవడానికి వచ్చినట్టు అనిపించే అమరిక అది. మనిషిని నమూనాగా కుదించే పనిని రాజ్యమే చేపడితే ఏమవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పిన రూపచిత్రం మరొకటి లేదు. 1944లో ఆయన్ని ఆష్‌విట్జ్‌కు పంపి చంపారు. ఓస్నాబ్రూక్‌లో 1998లో ఆయన చిత్రాల కోసమే ఒక మ్యూజియం కట్టారు.

యుద్ధం తర్వాత ఈ పాయ ఎక్కువగా అమెరికా, బ్రిటన్లకు మళ్లింది. ఆర్.బి. కిటాయ్ (1932–2007) ప్రవాసమే తన చిత్రకళకు మూలమని ప్రకటిస్తూ 1989లో ఒక మానిఫెస్టో వెలువరించాడు. యూదుడు కాని యాండీ వార్హాల్ 1980లో ఐన్‌స్టీన్, ఫ్రాయిడ్, కాఫ్కా, గోల్డా మెయిర్ వంటి పదిమంది ప్రసిద్ధుల చిత్రాలు అచ్చువేశాడు. అవి బాగా అమ్ముడుపోయాయి. ఇక్కడ చెప్పుకోవడానికి అంతకుమించి వాటిలో లేదు.

భారతదేశంలో

ఇక్కడి కథకు తొలి పాత్ర చిత్రకారుడు కాదు, చిత్రాలకెక్కిన ఒక ఫకీరు. పారశీక, ఆర్మీనియా ప్రాంతాల యూదు కుటుంబంలో పుట్టిన సర్మద్ వర్తకుడిగా సింధు తీరపు ఠట్టాకు వచ్చి, అభయచంద్ అనే హిందూ యువకుడి మీద ప్రేమతో సర్వం వదిలేశాడు. ఇద్దరూ 1640ల్లో హైదరాబాదు చేరారు. అబ్దుల్లా కుతుబ్‌షా పాలిస్తున్న కాలమది. వివిధ మతాలను వర్ణించే ‘దబిస్తాన్’ అనే పారశీక గ్రంథకర్త 1647లో సర్మద్‌ను హైదరాబాదులోనే కలుసుకున్నాడు. ఆ గ్రంథంలో యూదు మతం గురించిన అధ్యాయం ఆయన చెప్పినదే. అందులోనే తోరా ఆరంభ భాగానికి అభయచంద్ చేసిన పారశీక అనువాదం చేరింది. అంటే మోషే ధర్మశాస్త్రానికి భారతదేశంలో జరిగిన తొలినాటి అనువాదాల్లో ఒకటి గోల్కొండ రాజ్యంతో ముడిపడి ఉంది. ఢిల్లీలో ఔరంగజేబు అన్న దారా షికోకు సన్నిహితుడైన సర్మద్‌ను ఔరంగజేబు హయాంలో శిరచ్ఛేదం చేశారు. జామా మసీదు దగ్గర ఆయన సమాధి ఉంది. దిగంబరంగా ఉన్న సర్మద్, పక్కన అభయచంద్ ఉన్న సూక్ష్మచిత్రాలు తర్వాతి కాలంలో చాలా వచ్చాయి. యూదుడిగా పుట్టిన ఒక వ్యక్తిని పేరుతో సహా గుర్తుంచుకున్న భారతీయ రూపచిత్రాలుగా వాటికి విలువ ఉంది.

20వ శతాబ్దంలో మాగ్దా నాక్‌మన్ (1889–1951) సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి బొంబాయి చేరింది. తండ్రి యూదుడు. రష్యాలో 1913లో కవయిత్రి మరీనా త్స్వెతాయెవా చిత్రం వేసింది. బెర్లిన్‌లో నబొకోవ్‌ను చిత్రించింది. మద్రాసుకు చెందిన విప్లవకారుడు ఎం.పి.టి. ఆచార్యను పెళ్లాడి, నాజీల కారణంగా 1930ల నడుమ భర్త దేశానికి వచ్చింది. బొంబాయిలో పేదలను, పనివాళ్లను, నాట్యకత్తెలను వేస్తూ బతికింది. తన చిత్రాల ప్రదర్శన మొదలు కావాల్సిన రోజునే కన్నుమూసింది. కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగు 400వ వార్షికోత్సవానికి, 1968లో, ఎస్.ఎస్. కృష్ణ అనే స్థానిక చిత్రకారుడు కేరళ యూదుల చరిత్రను వరుస చిత్రాలుగా వేశాడు. యాత్రికులు నేటికీ లోపలికి వెళ్లేముందు ఆ బొమ్మల ముందే ఆగుతారు.

సియోనా బెంజమిన్ 1960లో బొంబాయిలో బెనె ఇజ్రాయెల్ కుటుంబంలో పుట్టింది. కొంకణ తీరంలో ఓడ పగిలి ఒడ్డుకు చేరినవాళ్ల సంతతిగా చెప్పుకునే ఈ సమాజం తరతరాలుగా గానుగ వృత్తిలో ఉండేది. శనివారం గానుగ ఆపేవాళ్లు కాబట్టి ఊళ్లో వాళ్లను ‘శనివార్ తేలీ’లనేవారు. ఏలీయా ప్రవక్త రథం మీద ఆకాశానికి ఎగిసిన పటం వాళ్ల ఇళ్లలో గోడ మీద ఉంటుంది. ఆయన పేరు మీద అటుకులు, కొబ్బరి, పళ్లతో మలీదా నైవేద్యం పెడతారు. సియోనా క్రైస్తవ, పార్సీ బడుల్లో చదివి, సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో శిక్షణ పొంది, అమెరికా వెళ్లి చిత్రకళలో, రంగస్థల రూపకల్పనలో ఉన్నత పట్టాలు తీసుకుంది. తర్వాత న్యూజెర్సీలో స్థిరపడింది.

‘ఇల్లు వెతుక్కుంటూ’ అనే ఆమె చిత్ర పరంపరలో స్త్రీలందరి ఒళ్లూ నీలం. కృష్ణుడి నీలం, ఆకాశం నీలం, ఏ దేశానికీ ఏ జాతికీ చెందని నీలం. లిలిత్, రిబ్కా, రాహేలు, ఎస్తేరు వంటి స్త్రీలు చీరలు కట్టుకుని, మొగలు చిత్రాల అంచుల మధ్య, బంగారు రేకు మెరుపులో నిలబడతారు. ఒక చిత్రంలో అనేక చేతుల దేవి ఏడు శాఖల దీపస్తంభంగా మారుతుంది. ఇవి పురాణ స్త్రీలే అయినా చాలా మొహాలు ఆమె సొంత మొహాన్నే తలపిస్తాయి.

2010–11లో అమెరికా ప్రభుత్వపు ఫుల్‌బ్రైట్ పరిశోధక సహాయంతో స్వదేశం వచ్చి చేసిన ‘మొహాలు: భారతీయ యూదు కథనాల నేత’ ఆమె కృషిలో రూపచిత్రానికి అసలైన ఘట్టం. బెనె ఇజ్రాయెల్ ఇళ్లకు వెళ్లి, మాట్లాడి, ఫోటోలు తీసుకుంది. ఆ మొహాల చుట్టూ వాళ్లు చెప్పిన కథను రంగులతో, బంగారు రేకుతో అల్లింది. నర్సు, సైనికుడు, నటి, వంట బాగా చేసే నాయనమ్మ, ఎవరి కథ వాళ్లది. ఫోటో ఉంది కాబట్టి మొహం కచ్చితంగా ఆ మనిషిదే. అలంకరణ ఉంది కాబట్టి ఆ మనిషి లోపలిదీ బయటికొచ్చింది. సౌందర్య దృష్టితో చూస్తే లిలిత్ చిత్రాలే ఎక్కువ మిరుమిట్లు గొలుపుతాయి. ఈ వ్యాసకర్త దృష్టిలో మాత్రం ‘మొహాలు’ పెద్ద పని. స్వాతంత్ర్యం నాటికి ఇరవై వేలు దాటిన బెనె ఇజ్రాయెల్ జనాభాలో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఇక్కడ మిగిలింది కొద్ది వేలమందే. ఆ కొద్దిమందీ ‘భారతీయ యూదులు’ అన్న ఒక్క పేరు కింద కలిసిపోకుండా ఈ చిత్రాలు అడ్డుపడ్డాయి. రెండో ఫుల్‌బ్రైట్‌తో ఆమె ఇజ్రాయెల్‌లో స్థిరపడిన భారతీయ యూదుల దగ్గరికి వెళ్లింది. ఆమె మీద 2015లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

తెలుగు నేల

పాత నిబంధన మనుషులు ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి కొత్తవాళ్లు కారు. నందిగామ దగ్గరి రాఘవాపురంలో పాగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాక అక్కడి మాలపల్లెలో చర్చి మిషనరీ సొసైటీ పని వేళ్లూనుకుంది. ఆ తర్వాతి తరాల్లో మోషే, యాకోబు, రూతు, ఎస్తేరు ఇంటింటి పేర్లయ్యాయి. అయితే బడిగోడల మీదికి వచ్చిన మోషేకు, దావీదుకు విదేశీ అచ్చుబొమ్మల మొహాలే ఉన్నాయి. వత్సవాయి కుర్రవాడి పోలికలతో దావీదును వేయడం రెంబ్రాంట్ తన పేట కుర్రవాణ్ణి క్రీస్తుగా వేయడంకన్నా కష్టమేమీ కాదు. తెలుగు చిత్రకారులకు ఇది నేటికీ తెరిచి ఉన్న పొలం.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతిగా చెప్పుకునే బెనె ఎఫ్రాయీములున్నారు. మాదిగ కుటుంబాలు వీళ్లవి. చాలామంది అంతకుముందు క్రైస్తవులు. తమలోని యాకోబి సోదరుల నాయకత్వంలో 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు బహిరంగంగా పాటిస్తూ, 1990ల మొదట్లో సినగాగు కట్టుకున్నారు. మచిలీపట్నంలోనూ వీళ్లవాళ్లున్నారు. పరిశోధకులు యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ల మధ్య పనిచేసి 2013లో ‘ఆంధ్రప్రదేశ్ యూదులు’ అనే పుస్తకం ప్రచురించారు. కులం, మతం, గుర్తింపు ఈ సమాజంలో ఎలా పెనవేసుకున్నాయో అందులో ఓపికగా వివరించారు. శుక్రవారం సాయంత్రం దీపం వెలిగించి, తెలుగులోనూ హీబ్రూలోనూ ప్రార్థన చేసుకునే ఈ కుటుంబాలను చూడడానికి పాత్రికేయులు, పరిశోధకులు, విదేశీ యాత్రికులు వస్తుంటారు. వాళ్లలో చాలామంది అడిగేది ఒకే ప్రశ్న: వీళ్లు నిజమైన యూదులేనా? ఆ ప్రశ్నతో వచ్చినవాళ్లు తీసుకెళ్లేది నమూనా బొమ్మే. కూలికి వెళ్లొచ్చి, స్నానం చేసి, తల మీద టోపీ సర్దుకుని కూర్చున్న ఒక మనిషిని అతని పేరుతో, అతను చెప్పుకున్న కథతో చిత్రించడానికి గాట్లీబ్, పెన్, సియోనా చేసిన పని దారి చూపుతుంది.